ఛాలెంజ్ చేస్తే కార్డు చూపించాలి

సెకండియర్ మొదటి సెమిస్టర్‌లో, డిస్క్రీట్ మ్యాథ్స్ మొదటి మిడ్‌లో నాకు 30కి 27 వచ్చాయి. నా రూమ్మేట్‌కి 9 వచ్చాయి. సరిగ్గా రెండు నెలల తర్వాత, క్లాసు మొత్తం చూస్తుండగా, నేను ఫుల్ మార్కులు తెచ్చుకున్న టాపిక్‌లోనే వాడు నన్ను ఓడించాడు. అది పరీక్ష కాదు, పదహారు అట్టముక్కలతో ఆడిన ఆట. ఆ రోజు ఓడిపోకపోయి ఉంటే నాకు లాజిక్ వచ్చనే అనుకుంటూ బీటెక్ అయిపోగొట్టేవాణ్ణి. అందుకే ఈ వ్యాసం.

మా వాడి గురించి రెండు ముక్కలు చెప్పాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత డిప్లొమా. ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లోకి వచ్చాడు. వైరింగ్ దగ్గర్నుంచి వెల్డింగ్ దాకా ఏదైనా చేసిపెడతాడు. కానీ బోర్డు మీద తిరగేసిన ఏ, తిరగేసిన ఈ కనబడగానే పెన్ను కింద పెట్టేసేవాడు. "ఇవేం అక్షరాలు మావా, అద్దంలో చూసి రాసినట్టున్నాయి" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. నాకు మాత్రం ఏం తెలుసు? ట్రూత్ టేబుల్ బట్టీ పట్టాను, డీమోర్గాన్ సూత్రాలు బట్టీ పట్టాను, అంతే.

మిడ్ పేపర్లు ఇచ్చిన వారం మా మేడమ్ శనివారం ఆఖరి గంటను ఆటలకు కేటాయించారు. "సిలబస్ అయిపోతుంది, మీకు మాత్రం ఏమీ అవ్వడం లేదు. కాసేపు ఆడదాం" అన్నారు. మేం క్రికెట్ అనుకున్నాం.

ఆటలతో తర్కం: కొత్త సంగతి కాదు

ఈ ఆలోచన మా మేడమ్‌ది కాదని ఆవిడే చెప్పారు. "ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్" రాసిన లూయిస్ కారల్ అసలు వృత్తి ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చెప్పడం. ఆయన 1880లలో "ది గేమ్ ఆఫ్ లాజిక్" అని ఒక చిన్న పుస్తకం వేశాడు. దాంతోపాటు ఒక బోర్డు, ఎరుపు, బూడిద రంగు బిళ్ళలు. గడిలో ఎర్రబిళ్ళ పెడితే "ఇక్కడ ఏదో ఒకటి ఉంది" అని, బూడిదబిళ్ళ పెడితే "ఇక్కడ ఏమీ లేదు" అని అర్థం.

పోటీ ఆటగా మార్చిన మనిషి మాత్రం లేమన్ అలెన్. యేల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చెప్పేవాడు. చట్టాల్లో "అయితే", "తప్ప", "లేదా" లాంటి చిన్న మాటలు ఎన్ని అర్థాలకు దారి తీస్తాయో చూసి విసిగి, చట్టాలు రాయడానికి సింబాలిక్ లాజిక్ వాడాలని 1957లోనే వ్యాసం రాశాడు. 1960ల మొదట్లో "విఫ్ ఎన్ ప్రూఫ్" అనే పాచికల ఆట తయారుచేశాడు. విఫ్ అంటే వెల్ ఫార్మ్‌డ్ ఫార్ములా, సరిగ్గా కూర్చిన సూత్రం. అదే కుటుంబంలో సమితుల కోసం "ఆన్ సెట్స్" అనే ఆట వచ్చింది. అమెరికాలో బడిపిల్లలు వీటితో టోర్నమెంట్లు ఆడారు. మేం ఆడినవి వీటికి మా క్లాస్‌రూమ్ కాపీలు. అసలు పెట్టె మా దగ్గర లేదు కాబట్టి పాత పెళ్ళిపత్రికలు కత్తిరించి చేసుకున్నాం.

మొదటి ఆట: అచ్చు వెనక సరిసంఖ్య

మొదటి శనివారం మేడమ్ నాలుగు కార్డులు బల్ల మీద పెట్టారు. పైకి కనిపిస్తున్నవి ఇవి: అ, క, 4, 7. ప్రతి కార్డుకీ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె ఉంటాయి. ఆవిడ చెప్పిన నియమం: "ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉంటుంది." ఇది నిజమో కాదో తేల్చాలంటే ఏ కార్డులు తిప్పి చూడాలి? అనవసరంగా ఒక్క కార్డు తిప్పినా మైనస్.

కింద చదివే ముందు మీరూ ఒకసారి ఆలోచించండి.

నేను చెయ్యెత్తి "అ, 4" అన్నాను. క్లాసులో సగం మంది అదే అన్నారు. తప్పు. 4 వెనక హల్లు ఉన్నా నియమానికి వచ్చిన నష్టం లేదు. "అచ్చు ఉంటే సరి" అన్నాం గాని "సరి ఉంటే అచ్చు" అనలేదు కదా. తిప్పాల్సింది అ, 7. 7 వెనక అచ్చు కనబడిందంటే నియమం అక్కడికక్కడే చచ్చినట్టు. ఇది బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ వాసన్ 1966లో పెట్టిన పరీక్ష. చదువుకున్నవాళ్ళు కూడా ఎక్కువమంది తప్పే చెబుతారట.

అప్పుడు మేడమ్ అదే ప్రశ్న ఇంకోలా వేశారు. "మీరు బస్సులో చెకింగ్‌కి ఎక్కారు. నియమం: స్టూడెంట్ పాస్ చూపించినవాడి దగ్గర ఐడీ కార్డు ఉండాలి. ఒకడు పాస్ చూపించాడు. ఒకడు టికెట్ కొన్నాడు. ఒకడి మెడలో ఐడీ కార్డు వేలాడుతోంది. ఒకడు ఐడీ ఇంట్లో మర్చిపోయాడు. ఎవరెవర్ని ఆపుతారు?"

మా రూమ్మేట్ వెనక బెంచీలోంచి వెంటనే అన్నాడు: "పాస్ చూపించినోణ్ణి, ఐడీ మర్చిపోయినోణ్ణి. మిగతావాళ్ళతో మనకేం పని?" రెండూ ఒకటే లెక్క. అక్షరాల్లో తప్పిన మేమంతా బస్సులో తప్పలేదు. "అయితే" అనే మాట మనకు తెలుసు, గుర్తుల్లో రాసేసరికే తెలియకుండా పోతోంది. ఆ రోజు నేను నేర్చుకున్నది అదే.

రెండో ఆట: తెలుగు పోస్ట్‌ఫిక్స్ భాష

రెండో ఆటకు పాచికలు కావాలి. అలెన్ ఆటలో సూత్రాలను పోలిష్ నొటేషన్‌లో రాస్తారు. పోలండ్ తర్కవేత్త లుకాషెవిచ్ 1920లలో కనిపెట్టిన పద్ధతి అది. గుర్తు ముందు, దాని వస్తువులు తర్వాత వస్తాయి. బ్రాకెట్లతో పని ఉండదు. డేటా స్ట్రక్చర్స్‌లో ప్రీఫిక్స్ అని చదువుకున్నది ఇదే.

మేం తెలుగు అక్షరాలతో పాచికలు చేద్దామనుకున్నాం. వాక్యాలకు ప, త, స. "కాదు"కి కా. "రెండూ"కి రెం. "ఏదో ఒకటైనా"కి ఏ. "ఐతే"కి ఐ. ఆడబోతుంటే ఇబ్బంది వచ్చింది. "కా ప" అని రాస్తే నోటికి రావడం లేదు. తెలుగులో "కాదు" వెనక వస్తుంది. "ప కాదు" అంటాం. "ప, త రెండూ" అంటాం. మన భాష క్రియను ఆఖర్న పెట్టే భాష. కాబట్టి పోలిష్ పద్ధతిని తిరగేసి, గుర్తుల్ని వెనక పెట్టాం. అంటే పోస్ట్‌ఫిక్స్. స్టాక్ మీద లెక్క కట్టడానికి కంప్యూటర్లు వాడేది అదే పద్ధతి. "ఐతే" ఒక్కటే మాటల్లో మధ్యలో ఉంటుంది గాని, ఆటలో దాన్నీ వెనక్కే పంపాం: "ప త ఐ" అంటే "ప ఐతే త".

ఇప్పుడు ఈ రెండూ చూడండి.

ప త రెం కా
ప కా త కా రెం

మొదటిది: "ప, త రెండూ" కాదు. రెండోది: ప కాదు, త కాదు, రెండూ. ఇవి ఒకటి కావు. "టిఫిన్‌లో ఇడ్లీ, వడ రెండూ ఇవ్వరు" అంటే ఒకటైనా దొరుకుతుందన్న ఆశ ఉంటుంది. "ఇడ్లీ లేదు, వడా లేదు" అంటే పస్తే. డీమోర్గాన్ సూత్రంలో నేను మిడ్‌కి బట్టీపట్టిన తేడా ఇదే. హాస్టల్ మెస్‌లో నిలబడ్డవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక వరుస సరిగ్గా కూర్చిందో కాదో ఎలా తేల్చాలి? మా ఆటలో రిఫరీ లెక్క ఇది. సున్నాతో మొదలుపెట్టండి. ప, త, స వస్తే ఒకటి కలపండి. కా వస్తే మార్పు లేదు, అప్పటికి కనీసం 1 ఉంటే చాలు. రెం, ఏ, ఐ వస్తే ఒకటి తీసేయండి, కానీ అప్పటికి కనీసం 2 ఉండాలి. చివర్న సరిగ్గా 1 మిగలాలి. "ప త రెం కా": 1, 2, 1, 1. సరే. "ప రెం త": రెం దగ్గరికొచ్చేసరికి చేతిలో 1 మాత్రమే ఉంది. ఔట్. ఈ లెక్క నిజానికి స్టాక్‌లో ఎన్ని వస్తువులు ఉన్నాయన్న లెక్కే.

ఆట: ఎనిమిది పాచికలు వెయ్యాలి. వచ్చిన వాటితో అందరికన్నా పొడవైన సరైన వరుస కూర్చినవాళ్ళకి పాయింట్లు. ఒకసారి ప, త, స, ప, రెం, ఏ, కా, కా పడ్డాయి. ఎనిమిదీ వాడగలమా? మూడు జట్లు కిందా మీదా పడ్డాయి. వాడలేం. ఒక్కో జోడింపు గుర్తు ఒక వాక్యాన్ని తగ్గిస్తుంది, చివర్న ఒకటి మిగలాలి. కాబట్టి వాక్యాలు నాలుగుంటే జోడింపులు మూడు కావాలి. మా దగ్గర రెండే ఉన్నాయి. ఒక ప మిగిలిపోవాల్సిందే. ఏడుతో మాత్రం కుదురుతుంది: "ప త రెం కా స ఏ కా." వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకోండి.

పోటీ పాడుచేసిన సంగతి

ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ మొదటి మూడు శనివారాల్లో రూలు ఏమిటంటే, ముందు అరిచినవాడికి పాయింటు. నా నోరు పెద్దది. బోర్డు మీద మా జట్టు స్కోరు కొండెక్కింది. నేను కాలర్ ఎగరేశాను.

నాలుగో శనివారం మా వాడు క్లాసుకి రాలేదు. రూముకొచ్చి చూస్తే మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. "ఏరా రాలేదేం?" అన్నాను.

"నేను ఆలోచించడం మొదలుపెట్టేలోపు మీరు అరిచేస్తున్నారు మావా. జవాబు చెప్పేశాక ఇంక ఆలోచించేదేముంది? క్లాసులో కూర్చుని చూడ్డం కంటే ఇక్కడ పడుకోవడం నయం."

నాకు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. బస్సు ప్రశ్నకి అందరికంటే ముందు జవాబు చెప్పింది వాడే. పాచికల ఆటలో "కాదు" వెనక రావాలని మొదట అన్నది కూడా వాడే. అయినా బోర్డు మీద వాడి పేరున ఒక్క పాయింటూ లేదు. మేం ఆడుతున్నది లాజిక్ ఆట కాదు, అరుపుల పోటీ.

మేడమ్‌కి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, అలెన్ ఆటల్లో అసలు కీలకం మనం వదిలేశామన్నారు. ఆ ఆటల్లో తొందరకు విలువ లేదు, ఛాలెంజ్‌కి విలువ. అవతలివాడు తప్పు చేశాడని మీరంటే, ఆ మాట నిలబెట్టే బాధ్యత ఎవరిదో నియమాలే చెబుతాయి. నిలబెట్టలేకపోతే మీకే నష్టం. అందుకని మా రూలు మారింది. అరవడం లేదు. అందరూ కాగితం మీద రాయాలి, రెండు నిమిషాలు. తర్వాత వంతులవారీగా చదవాలి. ఎవరైనా ఛాలెంజ్ చేయొచ్చు. ఛాలెంజ్ నెగ్గితే రెండు, ఓడితే మైనస్ రెండు.

తర్వాతి శనివారం వాణ్ణి లాక్కొచ్చాను.

మూడో ఆట: పదహారు కార్డుల లోకం

ఇది సమితుల ఆట. నాలుగు రంగులు: ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు. ఒక్కో కార్డు మీద ఈ రంగుల చుక్కలు కొన్ని ఉండొచ్చు, అన్నీ ఉండొచ్చు, ఏమీ లేకపోవచ్చు. ఒక్కో రంగు ఉందా లేదా అని నాలుగు సార్లు నిర్ణయిస్తే 2×2×2×2, అంటే 16 కార్డులు. నాలుగు మూలకాల సమితికి ఉపసమితులు 16 అని సూత్రం చదివిన మాకు, కత్తెర పట్టుకుని ఒక్కోటీ చేసేటప్పుడు గాని ఆ 16 ఎక్కడ్నుంచి వచ్చిందో కనబడలేదు. మొదటిసారి చేసినప్పుడు 15 వచ్చాయి. చుక్కలేని కార్డు మర్చిపోయాం. శూన్యసమితిని అందరూ మర్చిపోతారు.

పదహారింటినీ కలిపి, ఎనిమిది తీసి బల్ల మీద పరవాలి. ఆ ఎనిమిదే ఆ ఆటకి విశ్వసమితి. మేం "లోకం" అనేవాళ్ళం. ఎనిమిదిని 12,870 రకాలుగా తీయొచ్చు కాబట్టి ఒకే ఆట మళ్ళీ వస్తుందన్న భయం లేదు.

నాకు గుర్తుండిపోయిన లోకం ఇది:

1. చుక్కలేనిది
2. ఎరుపు, నీలం
3. నీలం
4. ఎరుపు, నీలం, ఆకుపచ్చ
5. పసుపు
6. ఆకుపచ్చ, పసుపు
7. నీలం, ఆకుపచ్చ, పసుపు
8. ఎరుపు, నీలం, పసుపు

వేడెక్కడానికి ముందు లెక్కల రౌండు ఉంటుంది. మేడమ్ ఒక అంకె చెబుతారు, సరిగ్గా అన్ని కార్డులు ఉన్న సమితికి పేరు కట్టాలి. "7" అన్నారు. నీలం 5 కార్డుల్లో ఉంది, పసుపు 4 కార్డుల్లో ఉంది. 5కి 4 కలిపి 9 అంటే లోకంలో ఉన్నవే ఎనిమిది. 7, 8 కార్డుల్లో రెండు రంగులూ ఉన్నాయి కాబట్టి అవి రెండుసార్లు లెక్కకొచ్చాయి. ఆ రెండూ తీసేస్తే 7. నీలం ∪ పసుపు. సమ్మేళనం సూత్రంలో ఛేదనాన్ని ఎందుకు తీసేస్తామో కార్డు మీద వేలు పెట్టి చూపించొచ్చు.

తర్వాత అసలు రౌండు: మాటల రౌండు. ఈ లోకం గురించి ఒక వాక్యం రాయాలి. అది నిజమవ్వాలి, కానీ అవతలివాళ్ళకి అబద్ధంలా కనబడాలి. ఛాలెంజ్ చేసి ఓడిపోవాలి. రుజువు బాధ్యత ఇలా పంచాం. "ప్రతి" అన్న వాక్యాన్ని ఛాలెంజ్ చేస్తే, ఛాలెంజ్ చేసినవాడే తప్పిన కార్డు చూపించాలి. "ఒకటి ఉంది" అన్న వాక్యాన్ని ఛాలెంజ్ చేస్తే, వాక్యం రాసినవాడే ఆ కార్డు చూపించాలి.

మా వాడు లేచి, కాగితం చూసి, నెమ్మదిగా చదివాడు: "ఎరుపు ఉండి నీలం లేని ప్రతి కార్డులోనూ పసుపు ఉంది."

నేను ఒక్క క్షణం చూశాను. లోకంలో ఎరుపు ఉన్న కార్డులు 2, 4, 8. మూడింట్లోనూ నీలం ఉంది. ఎరుపు ఉండి నీలం లేని కార్డే లేదు. లేని కార్డులో పసుపు ఎక్కడ్నుంచి వస్తుంది? "ఛాలెంజ్!" అన్నాను, దాదాపు అరిచాను.

మేడమ్ నావైపు తిరిగారు. "సరే. తప్పిన కార్డు చూపించు."

నేను బల్ల దగ్గరికెళ్ళాను. ఏం చూపించాలి? ఎరుపు ఉండి, నీలం లేకుండా, పసుపు కూడా లేని కార్డు. ఎనిమిదింటినీ రెండుసార్లు చూశాను. "అసలు అలాంటి కార్డే లేదు మేడమ్" అన్నాను.

"అంటే తప్పిన కార్డు లేదన్నమాట."

"కానీ నిజమైన కార్డు కూడా లేదు కదా!"

"అది ఎవరడిగారు? అతను 'ప్రతి' అన్నాడు, 'ఒకటి ఉంది' అనలేదు. ప్రతి అన్నప్పుడు కార్డు చూపించాల్సింది నువ్వు."

మైనస్ రెండు. క్లాసంతా చప్పట్లు. మా వాడు నవ్వలేదు కూడా, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నా 27 మార్కుల్లో ఈ ప్రశ్న ఉంది. ట్రూత్ టేబుల్లో "ప" అబద్ధమైతే "ప ఐతే త" నిజం అని రెండు వరుసల్లో టకటకా రాశాను. శూన్యసమితి ప్రతి సమితికీ ఉపసమితి అని కూడా రాశాను. రెండూ ఒకే మాట అని మాత్రం ఆ బల్ల దగ్గర, చూపించడానికి కార్డు లేక నిలబడ్డప్పుడే తెలిసింది. ఆ మాట నిజం ఎందుకయిందంటే, దాన్ని అబద్ధం చేయగల సాక్షి లోకంలో లేడు కాబట్టి.

రాత్రి రూములో అడిగాను, "ఆ వాక్యం ఎలా తట్టింది?" అని. వాడన్నాడు: "నా జేబులో ఉన్న ప్రతి ఐదొందల నోటూ దొంగనోటే అంటే పోలీసొచ్చి పట్టుకోగలడా? జేబులో ఒక్క నోటూ లేదు కదా. అదే రాశా."

ఒక గొడవ, ఒక రూలు

ఇంకో శనివారం, అదే లోకం మళ్ళీ పరిచి ఆడుతుంటే పెద్ద గొడవ జరిగింది. ఒక జట్టు రాసింది: "అన్ని కార్డుల్లో ఎరుపు లేదు." అవతలి జట్టు ఛాలెంజ్ చేసి 2వ కార్డు చూపించింది: ఇదిగో ఎరుపు. రాసినవాళ్ళు ఒప్పుకోలేదు. "మేమన్నది అన్నింట్లోనూ లేదు, కొన్నింట్లోనే ఉంది అని." గంట మోగినా గొడవ ఆగలేదు.

ఇద్దరిదీ న్యాయమే. "అందరూ రాలేదు" అంటే కొందరే వచ్చారనీ కావచ్చు, ఒక్కరూ రాలేదనీ కావచ్చు. మాట్లాడేటప్పుడు గొంతు బట్టి, సందర్భం బట్టి తెలిసిపోతుంది. కాగితం మీద గొంతు ఉండదు. న్యాయశాస్త్రం చెప్పే అలెన్‌కి ఆటలు చేయాలనిపించింది ఎందుకో ఆ రోజు అర్థమైంది.

విచిత్రమేమిటంటే పరిష్కారం కూడా తెలుగులోనే ఉంది. ఒక్కదాంట్లోనూ లేదనాలంటే "ఏ కార్డులోనూ ఎరుపు లేదు" అంటాం. అన్నింట్లో లేదనాలంటే "ఎరుపు లేని కార్డు ఒకటైనా ఉంది" అంటాం. ఈ రెంటికీ రెండో అర్థం తీయలేరు. అప్పట్నుంచి మా ఆటలో "అన్ని", "లేదు" ఒకే వాక్యంలో రాయడం నిషేధం.

ఎవరు ముందు ఎత్తు వెయ్యాలి

ఆటల వల్ల నాకు బాగా అందిన ఇంకో సంగతి "ప్రతి", "ఉంది" వరుస. ఈ రెండు వాక్యాలు చూడండి:

ప్రతి రంగుకూ, ఆ రంగు లేని కార్డు ఒకటి ఉంది.
ఒక కార్డు ఉంది, దాంట్లో ఏ రంగూ లేదు.

చదివితే ఒకేలా ఉంటాయి. ఆటగా చూడండి. మొదటిదాంట్లో అవతలివాడు ముందు రంగు చెబుతాడు, దానికి తగ్గ కార్డు నేను తర్వాత తీస్తాను. ఎరుపంటే 3వ కార్డు, నీలమంటే 5, ఆకుపచ్చంటే 2, పసుపంటే మళ్ళీ 3. రెండోదాంట్లో నేనే ముందు కార్డు వెయ్యాలి, వాడు తర్వాత తనకిష్టమైన రంగుతో దెబ్బకొడతాడు. చుక్కలేని కార్డు ఒక్కటే నన్ను కాపాడుతుంది. దాన్ని లోకంలోంచి తీసేస్తే మొదటి వాక్యం నిజంగానే ఉంటుంది, రెండోది కూలిపోతుంది.

వాక్యాన్ని ఇద్దరి మధ్య ఆటగా చూడడాన్ని ఫిన్లాండ్ తత్త్వవేత్త హింటిక్కా ఒక సిద్ధాంతంగానే అభివృద్ధి చేశాడు. ఇది తెలిశాక లిమిట్ నిర్వచనం తీసి చదివాను. "ప్రతి ఎప్సిలాన్‌కూ ఒక డెల్టా ఉంది." ఇంటర్ నుంచి నన్ను భయపెట్టిన వాక్యం. అవతలివాడు ఎప్సిలాన్ వేస్తాడు, నేను డెల్టా వేస్తాను. వాడు ఎంత చిన్నది వేసినా నా దగ్గర జవాబుంటే లిమిట్ ఉన్నట్టు. ఎత్తుకి పైఎత్తు, అంతే.

ఆట ఎక్కడ ఆగిపోతుంది

ఆటలతో అంతా వచ్చేస్తుందని నేను చెప్పను. మా లోకంలో ఎనిమిదే కార్డులు. "ప్రతి" అన్నా చూపుతోనే తేల్చేయొచ్చు. సహజసంఖ్యల లోకంలో ఆ సుఖం లేదు. "2 కంటే పెద్దదైన ప్రతి సరిసంఖ్యనూ రెండు ప్రధానసంఖ్యల మొత్తంగా రాయొచ్చు" అన్నది గోల్డ్‌బాక్ 1742లో ఆయిలర్‌కి ఉత్తరం రాసినప్పటి నుంచీ ఉన్న ప్రశ్న. కంప్యూటర్లతో 4 తర్వాత 18 సున్నాలున్న సంఖ్య దాకా చూశారు. తప్పిన కార్డు ఒక్కటీ దొరకలేదు. మా ఆటలో అయితే గోల్డ్‌బాక్‌కి పాయింట్లు ఇచ్చేసేవాళ్ళం. గణితంలో ఇవ్వరు. ఇంతవరకు ఎవరూ చూపించలేకపోవడం వేరు, ఎవరూ ఎప్పటికీ చూపించలేరని రుజువు చేయడం వేరు. ఆట మొదటిదాని దాకా తీసుకెళ్తుంది. రెండోదానికి కూర్చుని రాయాల్సిందే. ఇండక్షన్ చాప్టర్ మాకు ఏ ఆటా నేర్పలేదు.

రెండో మిడ్‌లో మా వాడికి 19 వచ్చాయి, నాకు 25. రెండు మార్కులు తగ్గాయి గాని, ఈసారి రాసినదాంట్లో ఏది నాకు తెలుసో ఏది తెలియదో నాకు తెలుసు.

మీ క్లాసులో మొదలుపెట్టాలంటే

పదహారు అట్టముక్కలు, నాలుగు స్కెచ్ పెన్నులు చాలు. ముగ్గురేసి జట్లు. చుక్కలేని కార్డు మర్చిపోకండి. అరుపులకు పాయింట్లు పెట్టకండి. కాగితం మీద రాయించండి, రెండు నిమిషాలు ఆగండి. జట్టులో ప్రతివారం వేరేవాళ్ళు లేచి చదవాలని రూలు పెట్టండి, లేకపోతే నాలాంటివాడొకడు మొత్తం ఆడేస్తాడు. ఛాలెంజ్ ఓడితే మైనస్ ఉండాలి. మైనస్ లేకపోతే ప్రతివాడూ ప్రతిదాన్నీ ఛాలెంజ్ చేస్తాడు, ఆలోచించడు.

పోయేముందు మూడు ప్రశ్నలు. ఒకటి: "ప కా త ఏ", "ప త ఐ" ఒకటేనా కాదా? రెండు: పదహారు కార్డుల్లోంచి, ఎరుపు ఉన్న ప్రతి కార్డులోనూ నీలం ఉండేలా గరిష్ఠంగా ఎన్ని తీయొచ్చు? మూడు: పైన ఇచ్చిన ఎనిమిది కార్డుల లోకంలో "ఏ రెండు రంగులు తీసుకున్నా ఆ రెండూ ఉన్న కార్డు ఒకటి ఉంది" నిజమా? "నాలుగు రంగులూ ఉన్న కార్డు ఒకటి ఉంది" నిజమా?

జవాబులు ఇక్కడ ఇవ్వడం లేదు. మీ రూమ్మేట్‌ని అడగండి. తప్పు చెప్పాడనిపిస్తే ఛాలెంజ్ చేయండి. కార్డు చేతిలో ఉందో లేదో మాత్రం ముందు చూసుకోండి.